నాలుగంగుళాల మందం, ఇరవై వేల బడ్జెట్: అనంతపురంలో ఒక పని బల్లకు గట్టి కొయ్య దొరికిన తీరు

ఈ కేసు అనంతపురంలో కొత్తగా షెడ్డు వేసుకున్న ఇద్దరు అన్నదమ్ములది. పెద్దోడు బెంగళూరులో ఫర్నిచర్ యూనిట్‌లో కొన్నేళ్లు పనిచేసి వచ్చాడు. చిన్నోడు ఐటీఐ అయిపోయాక ఊళ్లోనే తలుపులు, కిటికీల పని పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి మేకులు, స్క్రూలు లేకుండా కుసి, బెజ్జం అతుకులతో (ఒక కొయ్య కొసను చెక్కి ఇంకోదాని రంధ్రంలోకి దించే అతుకులు) మంచాలూ బెంచీలూ చేయాలని అనుకున్నారు. దానికి ముందు వాళ్లకు ఒక మంచి పని బల్ల కావాలి. నా దగ్గరికి వచ్చేసరికి వాళ్ల చేతిలో ఉన్నవి కాగితం మీద గీసిన ఒక బొమ్మ, ఇరవై వేల రూపాయలు.

"అన్నా, ప్లైవుడ్ బల్ల మీద ఉలి కొడితే దెబ్బ ఎగురుతాంది. బెజ్జం దిగేలోపల చెయ్యి పడిపోతాంది" అన్నాడు చిన్నోడు.

అతను చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. సుత్తి దెబ్బ ఉలి మొన దగ్గరే పనిచేయాలంటే కింద ఉన్నది బరువుగా, బిగువుగా ఉండాలి. పలచటి బల్ల ఆ దెబ్బలో సగం తానే మింగేస్తుంది. చిత్రిక పట్టేటప్పుడు బల్ల ముందుకూ వెనక్కూ ఊగితే చెక్క మీద అలలు పడతాయి. పని ముక్కను బల్లకు నొక్కిపట్టే ఇనుప కొక్కేన్ని రంధ్రంలోకి దించుతాం కదా, ఆ రంధ్రానికి లోతు లేకపోతే కొక్కెం పట్టు దొరక్క జారిపోతుంది. అందుకే చేతిపని చేసేవాళ్ల బల్లకు మూడంగుళాలకు తగ్గని మందం అడుగుతారు.

కొయ్య వెతికే ముందు లెక్క వేశాం. బొమ్మ ప్రకారం పైపలక ఏడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం. అంటే 4.67 ఘనపుటడుగులు. నాలుగు కాళ్లు 4 అంగుళాల చదరం, రెండున్నర అడుగుల ఎత్తు, కలిపి 1.11. అడ్డపట్టీలకు ఇంకో 1.1, వైస్ (పని ముక్కను స్క్రూతో బిగించి పట్టే సాధనం) దవడకు 0.3. మొత్తం ఏడు దాటింది. రంపం కోతకు, చిత్రికకు, పగుళ్లు తీసేయడానికి పోయేది కలుపుకుంటే పది ఘనపుటడుగులు చేతిలో ఉండాలి. ఈ లెక్క లేకుండా డిపోకి వెళ్లినవాడు బేరం ఆడలేడు.

డిపోల్లో మాకు చెప్పిన ధరల్లో అన్నిటికన్నా తక్కువది దిగుమతి టేకు, ఘనపుటడుగు 3,500 రూపాయలు. పదింటికి 35,000. నాలుగంగుళాల మందం ఉన్న ముక్కలు ఏరుకుంటామంటే ఆ ధర ఇంకా పైకి పోతుంది. సాల్ అయితే చాలా తగ్గుతుంది. కానీ మాకు చూపించిన సాల్ పచ్చిది. బరువూ గట్టితనం దండిగా ఉన్నా, మన ఎండలకు ఆ పచ్చి కొయ్య ఎన్ని వంకర్లు తిరుగుతుందో, ఎక్కడ నెర్రెలిస్తుందో ముందే చెప్పలేం. బల్ల పైపలకకు అది నేను ఒప్పుకోను.

మందంగా ఉన్న కొయ్యకు ఇంత ధర ఎందుకో ఆ అన్నదమ్ములకు కూర్చోబెట్టి చెప్పాను, ఎందుకంటే ఆ తర్వాత మేం వెతికిందంతా దాని మీదే నడిచింది. మొదటిది వయసు. నాలుగంగుళాల పలకలో మాను నట్టనడిమి గుండె రాకూడదు, అంచున బెరడు పక్కనుండే లేత తెల్లకొయ్య రాకూడదు, అంతా చేవే, అంటే లోపలి ముదురు కొయ్యే ఉండాలి అంటే మాను బాగా ముదిరి, లావెక్కి ఉండాలి. ఇప్పుడు వస్తున్న దిగుమతి టేకు ఎక్కువగా తోటల్లో పెంచి లేతగా ఉండగానే కొట్టినది. దాంట్లో తెల్లకొయ్య ఎక్కువ.

రెండోది ఆరుదల. పచ్చి కొయ్యలో నీళ్లు రెండు చోట్ల ఉంటాయి, పోగుల మధ్య ఖాళీల్లో కొంత, పోగుల గోడల్లో కొంత. ఖాళీల్లోని నీళ్లు పోయినంతవరకూ కొయ్య కుంచించుకుపోదు. తేమ దాదాపు 30 శాతం కిందికి వచ్చాక గోడల్లోని నీళ్లు పోవడం మొదలవుతుంది, అక్కడి నుంచే కుదింపు. అదీ అన్ని వైపులా ఒకేలా ఉండదు. వలయాల వెంబడి జరిగే కుదింపు, గుండె నుంచి బెరడు వైపు జరిగే కుదింపుకు దాదాపు రెట్టింపు. మందం పెరిగేకొద్దీ లోపలి నీళ్లు బయటికి రావడానికి పట్టే కాలం కూడా బాగా పెరుగుతుంది. అనంతపురం లాంటి వానలు తక్కువ, ఎండలు ఎక్కువ ఉండే జిల్లాలో పైపొర గబగబా ఆరిపోయి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది. ఆ లాగుడుకు పలక చీలిపోతుంది. ఇవన్నీ దాటుకుని చక్కగా నిలిచిన మందపు పలకకు డిపోవాడు ధర ఎక్కువ అడగడంలో తప్పేం లేదు.

అందుకని వాళ్లకు ఒక్క మాట చెప్పాను. మనకు కావాల్సింది ముదిరిన మాను, ఆరిన కొయ్య. ఈ రెండింటికీ అయ్యే కాలాన్ని ఇంకెవరో ఇప్పటికే ఖర్చుపెట్టి ఉండాలి. అలాంటి కొయ్య ఎక్కడుందో వెతుకుదాం.

చూసి వదిలేసినవి

ముందు తట్టింది గుంతకల్లు. అది రైల్వే డివిజన్ కేంద్రం, పట్టాల కింద వేసే పాత చెక్క స్లీపర్లు తుక్కు కింద బయటికి వచ్చిన ఊరు. ఇప్పటికీ కొందరి పెరళ్లలో ఆ స్లీపర్లు మెట్లుగానో, పశువుల కొట్టం గుంజలుగానో కనబడతాయి. మందం, గట్టితనం రెండూ ఉంటాయి, ధరా తక్కువే. అయినా పని బల్లకు, ఇంట్లో వాడే ఏ వస్తువుకూ వద్దని నేను గట్టిగా చెబుతాను. చెదలు పట్టకుండా వాటిలోకి క్రియోసోట్ అనే తారు నూనె ఎక్కించారు. దానివల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం ఉంది. ఎండాకాలంలో అది పైకి చెమరుస్తుంది, చేతికి అంటుతుంది. కోసేటప్పుడు వచ్చే పొట్టు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రోజూ అరచేతులు ఆనించి పనిచేసే బల్ల మీద అలాంటి కొయ్య పెట్టుకోకూడదు.

తాడిపత్రి వైపు రాతి పాలిష్ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి. పెద్ద మిషన్లు వచ్చేటప్పుడు వాటి కింద మందపాటి చెక్క దిమ్మెలు వేసి పంపుతారు. వేరే దేశం నుంచి వచ్చిన ప్యాకింగ్ చెక్క మీద గోధుమ కంకి బొమ్మ, దేశం కోడ్, రెండక్షరాల గుర్తు ముద్రించి ఉంటాయి. ఆ అక్షరాలు హెచ్‌టీ అయితే వేడి పెట్టి పురుగు చంపారని అర్థం, ధైర్యంగా వాడుకోవచ్చు. ఎంబీ అయితే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని. దాన్ని ముట్టుకోవద్దు. మేం చూసిన దిమ్మెల్లో ఎక్కువ భాగం పైన్ కొయ్య. గోరు గీస్తే గీత పడేంత మెత్తన. రెండు మూడు గట్టి ముక్కలు కనబడ్డాయి కానీ పొడవు చాలదు. స్టూళ్ల కాళ్లకు, చేతి సుత్తులకు అలాంటివి ఏరి పెట్టుకోమని చెప్పాను.

ధర్మవరం చేనేత మగ్గాల ఫ్రేములు కూడా ఆలోచించాం. ఎవరైనా మగ్గం తీసేసినప్పుడు దాని నిలువు కంబాలు, అడ్డ దిమ్మెలు అమ్మకానికి వస్తాయి. ఏళ్ల తరబడి ఇంట్లో నీడపట్టున ఉన్న కొయ్య కాబట్టి ఆరుదల గురించి దిగుల్లేదు. మాకు ఆ సమయానికి సరిపడా దొరకలేదు, అంతే. ఇప్పటికీ నేను వాటి కోసం కన్నేసి ఉంచుతాను.

నాలుగోది వేప మాను. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు, ఇళ్ల స్థలాలు చదును చేసేటప్పుడు కొట్టిన వేప, చింత, నల్లతుమ్మ మానులు టన్నుల లెక్కన కట్టెలకు, ఇటుక బట్టీలకు పోతుంటాయి. బట్టీకి పోయే ముందు ఆ లారీని ఆపి రెండు మంచి మొద్దులు దించుకోగలిగితే, డిపో ధరతో పోలిస్తే దాదాపు ఉచితమే. నిలువెత్తు వేప మొద్దు పొయ్యిలోకి పోవడం చూస్తే నాకు ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది.

అయితే టన్ను లెక్క మీద జాగ్రత్త అవసరం. పచ్చి మొద్దు బరువులో పెద్ద భాగం నీళ్లే, ఆ నీళ్లకూ డబ్బు కడుతున్నాం. అందుకే తూకంతో పాటు కొలత కూడా వేసుకోవాలి. మన దగ్గర మొద్దు కొలిచే పద్ధతి తెలిసిందే: చుట్టుకొలతలో నాలుగో వంతును దానితోనే గుణించి, పొడవుతో గుణించడం. నాలుగడుగుల చుట్టుకొలత, ఏడడుగుల పొడవు ఉన్న మొద్దు ఈ లెక్కలో 7 ఘనపుటడుగులు. నిజంగా అందులో ఉన్న కొయ్య 8.9 దాకా ఉంటుంది. ఆ తేడా బెరడుకు, పక్కచెక్కలకు పోతుందని వదిలిపెట్టే లెక్క అది.

చెట్టు కొట్టడానికి అనుమతి ఉందా లేదా అన్నది రెండో జాగ్రత్త. నీరు, భూమి, చెట్లను కాపాడేందుకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం వచ్చాక, సొంత స్థలంలోనివైనా చాలా రకాల చెట్లను అధికారుల అనుమతి లేకుండా కొట్టేయడం కుదరదు. వేలంలో పాడుకున్న కాంట్రాక్టరు దగ్గర కొంటే రసీదు ఉంటుంది. రాత్రిపూట ట్రాక్టరులో వచ్చే సరుకు ఎంత చవకైనా వద్దు.

ఈ కేసుకు వేప మాను ఎందుకు పనికిరాలేదంటే వాళ్లకు బల్ల వెంటనే కావాలి. పచ్చి వేపను నాలుగంగుళాల మందంలో కోసి ఆరబెడితే కనీసం రెండు ఎండాకాలాలు దాటాలి. అయినా వచ్చే ఏళ్ల పనికోసం రెండు మొద్దులు కొనిపించి, రెండున్నర అంగుళాల పలకలుగా కోయించాను. కోసిన రోజే రెండు కొసలకూ మందంగా ఎనామిల్ పెయింట్ పూయించాను, ఎందుకంటే కొయ్యలోని నీళ్లు పక్కల కన్నా కొసల నుంచి చాలా వేగంగా పోతాయి, చీలిక మొదలయ్యేదీ అక్కడే. పలకకూ పలకకూ మధ్య ఒకే మందం ఉన్న పట్టీలు, ఒకదాని నెత్తిన ఒకటి నిలువు వరుసలో వచ్చేలా పెట్టించాను. పట్టీ వరుస తప్పితే పలక అక్కడే కుంగి అలాగే ఆరిపోతుంది. పైన బరువుకు నాపరాళ్లు. గాలి తగలాలి, ఎండ తగలకూడదు.

మిద్దె దూలం

రాయలసీమ పల్లెల్లో మట్టిమిద్దెలు ఒక్కొక్కటిగా కూలుతున్నాయి. రాతి గోడలు, మధ్యలో కొయ్య కంబాలు, వాటి మీద దూలం, దూలం మీద వరసగా దంతెలు అనే సన్నపాటి అడ్డ కొయ్యలు, వాటి పైన బండలో కట్టెలో పరిచి మట్టి, ఆ పైన వాన నీళ్లు దిగకుండా చౌడు మట్టి. అంత బరువు మోయాలి కాబట్టి పెద్దవాళ్లు దూలానికి లేత కొయ్య వాడలేదు. చేవ కట్టిన వేప, నల్లతుమ్మ, మద్ది, యేపి, డబ్బున్నవాళ్లయితే టేకు. ఇప్పుడు పిల్లలు స్లాబు ఇల్లు కట్టుకుంటూ ఆ మిద్దెలు దించేస్తున్నారు. టేకుకు వెంటనే గిరాకీ ఉంటుంది. తక్కినవాటిని ఎవరూ పట్టించుకోరు. ముదిరిన మాను, ఒక తరం పైగా నీడలో ఆరిన కొయ్య. మేం వెతుకుతున్నది సరిగ్గా అదే.

గుత్తి దాటాక ఒక పల్లెలో మిద్దె దించుతున్నారని పెద్దోడికి బంధువు ఒకరు ఫోన్ చేసి చెప్పారు. వెళ్లేసరికి దూలం ఒకటి, దంతెలు కొన్ని పక్కన వేసి ఉన్నాయి. పైనంతా మసి, మట్టి, సున్నం. చూస్తే ఎవరికీ కొనబుద్ధి కాదు.

"ఏముందప్పా వీటిల్లో, పొయ్యిలోకి తప్ప పనికిరావు. మా జేజినాయన కాలంవి" అన్నాడు ఇంటి పెద్దాయన.

"పొయ్యిలోకి పోనిచ్చేదానికా పెద్దయ్యా అంత దూరం నుంచి వచ్చింది. ఒకసారి చూసి చెప్తాం" అన్నాన్నేను.

పాత దూలాన్ని ఎలా చూడాలో అక్కడే ఆ అన్నదమ్ములకు చూపించాను. మొదట రెండు కొసలు. గోడలో కూర్చున్న భాగం ఎప్పుడూ తేమ పీలుస్తుంది, చెద ఎక్కేదీ గోడలో నుంచే. ఉలిని కొసలో పొడిస్తే ఒక పక్క అంగుళంన్నర మెత్తగా దిగింది, ఆ తర్వాత రాయిని తాకినట్టు ఆగింది. అంటే కొసన అరడుగు కోసేస్తే మిగతాది గట్టిది. తర్వాత సుత్తితో పొడవునా తట్టుకుంటూ పోవాలి. గట్టి కొయ్య టంగుమని పలుకుతుంది, డొల్ల ఉన్నచోట మొద్దుగా మోగుతుంది. ఆ తర్వాత చౌడు దిగిన మచ్చలు. మిద్దె కారినచోట దూలం మీద తెల్లటి ఉప్పు గీతలు కనబడతాయి, అక్కడ ఉలి తప్పకుండా పొడిచి చూడాలి. చివరికి చిన్న చిత్రికతో అరచేతి మేర పైపొర తీశాను. నల్లటి మసి కింద ముదురు ఎరుపు గోధుమ రంగు, దగ్గర దగ్గరగా అల్లుకున్న పోగు. యేపి అది. కొన్ని ఊళ్లలో నారయేపి అంటారు. మన దేశంలో దొరికే బరువైన, గట్టి కొయ్యల్లో అది ముందు వరసలో ఉంటుంది. ఎండిన చేవ ముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. మన కడప, అనంతపురం పల్లెల్లో ఎర్రగా, బరువుగా ఉన్న పాత కొయ్య కనబడితే అది ఎర్రచందనం కాదని తేల్చుకున్నాకే చెయ్యి వేయండి. ఎర్రచందనం కూడా ఎర్రనిదే, బరువైనదే. అటవీ శాఖ అనుమతి పత్రాలు లేకుండా దాన్ని కొనడం, తరలించడం, ఇంట్లో పెట్టుకోవడం కూడా కేసులకు దారితీస్తుంది. నేను చేసే పరీక్ష చిన్నది: చిత్రిక పొట్టు కొంచెం తీసి ఒక గాజు గ్లాసులో నీళ్లలో, ఇంకోదాంట్లో స్పిరిట్‌లో వేస్తాను. ఎర్రచందనం రంగు నీళ్లలో సరిగా కరగదు, స్పిరిట్‌లో ముదురు ఎరుపుగా దిగుతుంది. అలా దిగితే బేరం అక్కడితో ఆపేయాలి, అనుమానం తీరకపోతే అటవీ శాఖ వాళ్లనే అడగాలి. మా దూలం పొట్టు స్పిరిట్‌కు అలాంటి ఎరుపు ఇవ్వలేదు.

దూలం 9 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు, 9 అంగుళాల ఎత్తు. 4.5 ఘనపుటడుగులు. దంతెలు పన్నెండు, ఒక్కొక్కటి ఏడున్నర అడుగులు, 3×4 అంగుళాలు. కలిపి 7.5. వాటిలో ఎక్కువ వేప, ఒకటి నల్లతుమ్మ. మొత్తం 12 ఘనపుటడుగులకు 8,500 రూపాయలు ఇచ్చాం. అంటే అడుగు ఏడు వందల పైచిలుకు. పెద్దాయన ముందు అయిదు వేలకే ఇస్తానన్నాడు. యేపి దూలం విలువ ఎంతో చెప్పి పెంచింది నేనే. ఈ పనిలో మాటే పెట్టుబడి, ఆ ఊళ్లో ఇంకో మిద్దె దించినప్పుడు మొదటి ఫోన్ మనకే రావాలి. వచ్చింది కూడా.

మేకులు, రంపం, గుండె పగులు

పాత కొయ్యను సా మిల్లు వాళ్లు ఇష్టంగా తీసుకోరు. లోపల ఒక్క మేకు ఉన్నా బ్యాండ్ సా బ్లేడు పళ్లు రాలిపోతాయి, ఆ నష్టం వాళ్లది. అందుకే మిల్లుకు పోకముందే మన పని ముగించుకోవాలి. మొదట ఇనుప బ్రష్‌తో మట్టి, సున్నం రాల్చాం. ఇసుక రేణువు కూడా బ్లేడుకు శత్రువే. తర్వాత బాడిశతో పైపొర పలచగా చెక్కాం. ఆపై చేతిలో పట్టుకునే మెటల్ డిటెక్టర్‌తో నాలుగు పక్కలా చూశాం. పాత మేకు తల తెగిపోయి లోపల ఉండిపోయినచోట చుట్టూ కొయ్య నల్లగా మరక పడుతుంది, కంటికి అదే గుర్తు. ఉయ్యాల కొక్కెం బిగించిన చోట అలాంటి మేకు ఒకటి దొరికింది. దంతెల్లో చిన్నచిన్నవి చాలా వచ్చాయి. ఇంత చేశాక కూడా, బ్లేడు పాడైతే దాని ఖర్చు మాదే అని మిల్లు యజమానితో ముందే మాట చెప్పుకున్నాం. అలా చెప్పాకే ఆయన మిషన్ ఖాళీగా ఉన్న మధ్యాహ్నం మాకు ఇచ్చాడు.

అసలు తెలివి కావాల్సింది దూలాన్ని కోసే గీత దగ్గర. పాతకాలపు దూలాలు చాలావరకు ఒక పూర్తి మానును నాలుగు పక్కలా చెక్కి తీసినవి. అంటే మాను గుండె దూలం మధ్యలోనే ఉంటుంది. అలాంటి దిమ్మె ఆరేటప్పుడు ఏదో ఒక పక్క నుంచి గుండె దాకా పెద్ద పగులు పడి తీరుతుంది. మా దూలానికి వెడల్పాటి ఒక పక్కన, వేలి గోరు దూరేంత పగులు పొడవునా ఉంది. పెద్దోడు దాన్ని చూసి నీరుగారిపోయాడు. కానీ ఆ పగులు మనకు దారి చూపిస్తుంది. రంపం గీతను సరిగ్గా ఆ పగులు వెంబడే పెట్టించాను. దూలం రెండుగా విడిపోయింది, పగులు రంపం గాటులోనే కలిసిపోయింది. ఒక్కో సగాన్ని మళ్లీ రెండు చేస్తే నాలుగు బారులు వచ్చాయి, ఒక్కోటి నాలుగంగుళాలకు కాస్త తక్కువ. గుండె ప్రతి బారుకూ ఒక మూలకు చేరింది. ఆ మూలను అర అంగుళం చెక్కి పడేస్తే గుండె మాయం. ఒకే దూలంలో కాళ్లు, అడ్డపట్టీలు అన్నీ తేలి, ఒక బారు పూర్తిగా మిగిలింది.

పాతదైనా సరే, కోశాక వెంటనే అతుకులు చేయకూడదు. ఎంత కాలం ఆరినా లోపల కొంత బిగువు దాగి ఉంటుంది, కోత పడగానే అది సర్దుకుంటుంది. బారుల్ని పట్టీల మీద పేర్చి కొన్ని వారాలు వదిలేశాం. ఒక బారు ఏడడుగుల్లో పావు అంగుళం వంగింది. అది వంగాక చిత్రిక పట్టాం కాబట్టి తర్వాత బల్ల వంగలేదు. తేమ మీటరు పది, పన్నెండు శాతం మధ్య చూపించింది. మన వాతావరణానికి అది చక్కటి అంకె.

పైపలక

మందం కోసం మందపాటి పలకే కొనాలని అన్నదమ్ములు అనుకుంటూ వచ్చారు. రెండడుగుల వెడల్పు, నాలుగంగుళాల మందం ఉన్న ఒంటిపలక దొరికినా నేను వద్దనేవాణ్ణి. అంత వెడల్పు పలక ఋతువు మారినప్పుడల్లా దోనెలా వంగుతుంది. దంతెల్ని నిలువుగా నిలబెట్టి పక్కపక్కన అంటిస్తే దంతె వెడల్పే బల్ల మందం అవుతుంది, ఒకదాని వంపును పక్కది ఆపుతుంది.

పన్నెండింట్లో రెండు దంతెలు లోపల చెద తిన్నవి, పక్కన పెట్టేశాం. మిగిలిన పదింటికీ చిత్రిక మిషన్ పట్టించాక రెండున్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పు నిలిచాయి. పది కలిపితే ఇరవై అయిదు అంగుళాలు. నల్లతుమ్మ దంతెను ముందు అంచున పెట్టాం, ఎందుకంటే పనివాడి పొట్ట, వైస్, కొక్కేలు, అన్నిటి దెబ్బా పడేది ఆ అంచుకే.

వేప పోగు ఒక పొర ఇటు, ఒక పొర అటు మెలికపడి ఉంటుంది. ఏ వైపు నుంచి చిత్రిక పట్టినా ఎక్కడో ఒకచోట పెచ్చులు లేస్తాయి. కత్తి బాగా నూరి, పలచగా, కొంచెం ఏటవాలుగా పట్టాలి. అంటించే రోజే మళ్లీ ఒక పొర తీయాలి. పాత ముఖం మీద జిగురు పట్టదు, అప్పుడే తెరిచిన ముఖాన్ని బాగా పట్టుకుంటుంది. చిత్రిక మిషన్ నుంచి వచ్చిన నున్నటి ముఖాన్ని చూసి అది చాలనుకోవద్దు.

తెల్లకొయ్య మిగిలిన అంచులకు బోరాక్స్, బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కరిగించి రెండు పూతలు వేసి, పూర్తిగా ఆరాకే అంటించాం. పొట్టు రాల్చే పురుగుకు తెల్లకొయ్యలోని పిండి పదార్థమే తిండి. చేవ జోలికి అది సాధారణంగా రాదు. పాత కొయ్య ఇంటికి తెచ్చేవాళ్లు ఈ పని మాత్రం మానొద్దు, ఆ పురుగు షెడ్డులోని కొత్త కొయ్యకు కూడా పాకుతుంది.

పదింటినీ ఒకేసారి అంటిస్తే జిగురు మన చేయి తిరిగేలోపలే గట్టిపడుతుంది. అయిదేసి చొప్పున రెండు సగాలు చేసి, తర్వాత ఆ రెంటినీ కలిపాం. అంటించిన కొయ్యల్ని బిగించి పట్టే ఖరీదైన క్లాంపులు వాళ్ల దగ్గర లేవు. ఇనుప యాంగ్లర్లతో చట్రం బిగించి, చట్రానికీ కొయ్యకూ మధ్య కోసుగా చెక్కిన ముక్కలు జతలు జతలుగా దూర్చి సుత్తితో బిగించాం. ఆ ముక్కలు సర్కారు తుమ్మవి. మన చేలగట్ల మీద అందరూ తిట్టుకునే ఆ కంపచెట్టు కొయ్య నిజానికి చాలా గట్టిది, ఆరేటప్పుడు కుదింపు కూడా చాలా తక్కువ. తిన్నగా, లావుగా దొరకదు కాబట్టి బొగ్గుకు పోతోంది. చేతి సుత్తులకు, ఉలి పిడులకు దాన్ని మించింది మన చుట్టుపక్కల తక్కువ.

కాళ్ల మీద పైపలకను అన్ని చోట్లా బిగించేయలేదు. ముందు వైపు గట్టిగా బోల్టు వేసి, వెనక వైపు బోల్టు రంధ్రాన్ని అడ్డంగా కోలగా తీశాం. వానాకాలంలో పలక వెడల్పు పెరుగుతుంది, ఎండాకాలంలో తగ్గుతుంది. ఆ కదలికకు దారి లేకపోతే అతుకు విడుతుంది లేదా పలక చీలుతుంది.

లెక్క

కొయ్యకు 8,500. బొలెరోలో తేవడానికి 1,600. సా మిల్లు కోత 2,200, చిత్రిక మిషన్ 1,400. జిగురు 1,100. బోరాక్స్, బోరిక్ 350. బోల్టులు, వాషర్లు 850. మొత్తం 16,000 రూపాయలు. వైస్ స్క్రూ వాళ్ల దగ్గరే ఉంది, దాన్ని లెక్కలో వేయలేదు. మెటల్ డిటెక్టర్ నాది. వాళ్లిద్దరి కూలి కూడా కలపలేదు, అది పెద్ద ఖర్చే. మేకులు తీయడం, మసి గీకడం, పేర్చడం, తిరగేయడం ఇవన్నీ చేతి కష్టం. షెడ్డులో పని తీరిక లేనివాళ్లకు, కూలి మనిషిని పెట్టి చేయించుకునేవాళ్లకు ఈ దారి అంత చవక కాదు. వాళ్లకు డిపోలో రెండంగుళాల మందం సైజులు కొని, ఇదే పద్ధతిలో నిలబెట్టి అంటించుకోమని చెబుతాను. మందం పెరిగితే పెరిగే ధర దానితో తప్పుతుంది.

చివరికి పైపలక మూడుంపావు అంగుళాల మందం నిలిచింది. బొమ్మలో నాలుగు అనుకున్నాం. ఆ ముప్పావు అంగుళం తక్కువైనందుకు పనిలో తేడా ఏమీ లేదు, యేపి కాళ్ల బరువే బల్లను నేలకు కట్టేసింది. చిన్నోడు మంచం కోడుకు బెజ్జం కొడుతుంటే పక్కనున్న గ్లాసులో నీళ్లు కూడా కదలడం లేదు.

ఎండాకాలం ఒకటి దాటాక మూలమట్టం, పొడవాటి బద్ద పెట్టి చూశాను. వెనక అంచు దారం మందం లేచింది. ఒకసారి చిత్రిక పడితే సరిపోయింది. అతుకులు ఎక్కడా విడలేదు. కోలగా తీసిన రంధ్రాల్లో బోల్టులు జరిగిన గుర్తు కనబడింది. నల్లతుమ్మ, వేప కలిసిన చోట గోరుకు తగిలీ తగలనంత మెట్టు ఏర్పడింది. అది ఏడాదికోసారి చదును చేసుకోవాల్సిందే.

మిగిలిన యేపి బారును రెండో బల్ల కాళ్లకు దాచారు. గుత్తి దగ్గరి ఆ ఊరి నుంచే ఇంకో మిద్దె దించుతున్నారని కబురు వచ్చింది. ఈసారి దంతెలు మద్దివట. ఇనుప బ్రష్, ఉలి, చిన్న సీసాలో స్పిరిట్ తీసుకుని వాళ్లిద్దరే వెళ్లి చూసి వచ్చారు, కొసలు పొడిచి మూడింటిని వద్దన్నారు, మిగతావి బేరం చేశారు.